పాల గిన్నెలో ఉప్పు

మూడు నెలలు కారం ముట్టకూడదని కడపలో డాక్టరు చెప్పగానే మా మామ, "ఎవురు?" అని అడిగాడు.

"మీరే," అన్నాడు డాక్టరు.

"మూడు దినాలా?"

"మూడు నెలలు."

మామ నా వైపు వంగి, "ఈయప్ప వేరేవాళ్ళ చీటీ సూసి మాట్లాడతాండాడు. పేరు సరింగా సూడమను," అన్నాడు. నేను డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పుకునేవాణ్ణి, వైద్యంలో నా మాట ఎవరూ వినరు. అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక చీటీ మీద పేరు చూశాను. ఆయనదే.

కడుపులో పుండు. దానికి తోడు నోరంతా పొక్కింది. సన్నని గొట్టానికి కెమెరా పెట్టి లోపలికి పంపి తీసిన ఫొటోను డాక్టరు మా ముందు పెట్టాడు. మామ దాన్ని శ్రద్ధగా చూసి, "కల్లంలో మిరపకాయలు ఆరబోసినట్టుండాది," అన్నాడు. ఆ మాటలో కొంచెం మెచ్చుకోలు కూడా ఉందని నా అనుమానం.

డాక్టరు మాత్రం నవ్వలేదు. దసరాకు అరవై ఆరు కిలోలున్న మనిషి ఇప్పుడు యాభై నాలుగుకు వచ్చాడు. "పదిహేను రోజుల తర్వాత తీసుకురండి. యాభై మూడుకు దిగితే ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. చేర్చుకుని ముక్కులో గొట్టం వేసి ఆహారం పంపించాల్సి ఉంటుంది," అన్నాడు. ఆ గొట్టం మాట విన్నాక మామ లేచాడు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "ముక్కులో పోస్తారంట. రుచి ఎట్ల తెలుస్తాది?" అన్నాడు.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను. మైదుకూరు పక్కన పసుపూ ఉల్లీ పండించి, రెండేళ్ళ కిందట చేను కౌలుకిచ్చి, ఇంట్లో ఒక బర్రెను మాత్రం ఉంచుకున్నాడు. పెళ్ళయ్యేదాకా నన్ను "ఏమిరా" అని పిలిచినవాడు, తలంబ్రాలు పడిన మరుక్షణం నుంచి "ఏమప్పా" అంటున్నాడు. పెళ్ళి వల్ల నాకు కలిగిన లాభాల్లో అదొకటి. మిగతావి గుర్తుకొచ్చినప్పుడు రాస్తాను.

ఆయన భోజనం గురించి చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు. జొన్న రొట్టె, దాని మీద అరచేయంత ఎర్రకారం, నూనె. అది పొద్దున. మధ్యాహ్నం సంగటి, అందులోకి ఉల్లికారం. సాయంత్రానికి మార్పు కావాలి కాబట్టి మళ్ళీ రొట్టె. అలాంటి మనిషి ముందు మా అత్త పెరుగన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని, "మంటాది," అని చెయ్యి కడుక్కున్నాడు.

"పెరుగన్నం మంటేంది? వంక కాకపోతే," అంది అత్త.

"మంటాది మే, అంతే."

ఇడ్లీ పెట్టాం, మంట అన్నాడు. పాలలో రొట్టె నానబెట్టి ఇస్తే చంటిపిల్లోని తిండి అన్నాడు. ఉత్త రొట్టె పెడితే సగం తిని, మిగతా సగాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, "దీని మీదికి పూసుకోను ఏమన్నా ఉంటే..." అని ఆగిపోయేవాడు. ఏమన్నా అంటే ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పలికేవాళ్ళు కాదు. నేనూ నా భార్యా ఆ పదిహేను రోజులు మైదుకూరులోనే ఉండి, నేను కాలేజీకి బస్సులో పోయి రావాలని అనుకున్నాం. వారం తిరిగేసరికి నా భార్య తండ్రిని మందుల షాపు ముందున్న తూకం యంత్రం మీద నిలబెట్టింది. యాభై మూడు కిలోల ఏడువందల గ్రాములు.

ఆ సాయంత్రం బస్సులో వస్తుంటే నాకు బెంగళూరులో తిన్న ఒక పదార్థం గుర్తుకొచ్చింది. ఏదో శిక్షణకు పంపించారు. శిక్షణ గురించి ఏమీ గుర్తులేదు కానీ భోజనాల బల్ల మీద ఒక గిన్నెలో నారింజ రంగులో, వెన్నలాగా జారుతున్న ముద్ద గుర్తుంది. బ్రెడ్డు ముక్క మీద పూసుకుని తినాలి. గుమ్మడికాయ, ఏదో పండు, జీడిపప్పు, మీగడ అన్నారు. తియ్యగా ఉంది, ఉప్పగానూ ఉంది. దాన్ని స్ప్రెడ్ అంటారట. మనం ఏమంటామో నాకు తెలియలేదు. పచ్చడి అందామంటే కారం లేదు, హల్వా అందామంటే ఉప్పుంది. కానీ పూసుకునేది! మామ అడుగుతున్నది అదే కదా, రొట్టె మీదికి పూసుకునేది! బస్సులో లేచి నిలబడ్డాను. కండక్టరు, "మైదుకూరు ఇంకా రాలేదు సార్," అన్నాడు.

ఇంటికి రాకముందే డాక్టరుకు ఫోన్ చేసి ఏమేం వెయ్యొచ్చో కనుక్కున్నాను. తియ్యగుమ్మడి వెయ్యొచ్చు, గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, వెయ్యొచ్చు, క్యారెట్టు, బొప్పాయి, అరటిపండు, మీగడ, కొంచెం వేరుశనగ, ఉప్పు. పులుపు వద్దు, కారం సంగతి అడగనే వద్దు. "చాలా మంచిది," అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నాకు పరీక్షలో పాసైనంత సంబరమైంది.

మరుసటి రోజు ఆదివారం. సంతలో గంటసేపు తిరిగాను. రాజంపేట వైపు నుంచి వచ్చిన బొప్పాయిలు, అరటిపండ్లు ఒక బండి మీద, ఎర్రమట్టి అంటిన గెనుసుగడ్డలు ఒక గోతం మీద. గుమ్మడికాయలమ్మే ఆమె నా సంచిలోకి తొంగి చూసింది.

"ఇవన్నీ ఒగే దాంట్లోకా సామీ?"

"ఒకే దాంట్లోకే."

"ఉడకబెట్టి పిసుకుతారా?"

"అవును."

"బర్రె ఈనిందా?"

"లేదమ్మా, మా మామకు."

ఆమె కోసిన చెక్కను వెనక్కి తీసుకుని, కింద నుంచి మంచి ఎర్రని కాయ ఒకటి తీసి కోసింది. "ముందే సెప్పొద్దా," అంది.

వంటింట్లోకి అల్లుడు రావడం మా అత్తకు ఇష్టం లేదు. నన్ను పసిబిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఎత్తుకుని తిరిగిన మనిషే కాబట్టి మర్యాదేమీ అడ్డం కాదు, నా పనితనం మీద నమ్మకం లేదు అంతే. అయినా ఆమె లేకుండా నా పని సాగేది కాదు. బొప్పాయిని ఉడికించకుండానే మీగడలో కలపబోతుంటే చెయ్యి పట్టుకుంది. "అట్ల కలిపితే గంటకు సేదెక్కుతాది. ముందు ఆవిరి పట్టు," అంది. బెంగళూరులో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

గెనుసుగడ్డల్ని కట్టెలపొయ్యి నివురులో కాల్చాం. గుమ్మడి, క్యారెట్టు, బొప్పాయి ఆవిరి మీద ఉడికాయి. వేరుశనగ గింజలు దోరగా వేయించి పొట్టు ఊదాం. బర్రెపాల మీగడ రెండు రోజులది తీసిపెట్టింది అత్త. అన్నీ మిక్సీలో వేసి తిప్పితే, నిజం చెప్పొద్దూ, నేను గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. తంగేడు పూలను మీగడలో తడిపినట్టుంది రంగు. గరిటె ఎత్తితే ఊరికే తెగకుండా పట్టు దారంలా జారుతోంది. మా ఇంట్లో తయారైన వస్తువు బెంగళూరు వస్తువులా కనబడటం అదే మొదటిసారి. నా భార్య ఫొటో తీసింది. నేను ఉప్పు వేసి రుచి చూశాను. అత్త చూసింది, నా భార్య చూసింది, ఏం జరుగుతోందో చూద్దామని వచ్చిన పక్కింటి ఆపా కూడా చూసింది.

"సప్పగా ఉండాది," అన్నారు ముగ్గురూ, ముందే అనుకున్నట్టు.

"అలాగే ఉండాలి," అన్నాను. నాక్కూడా చప్పగానే ఉందని చెప్పలేదు.

అంతలో మా ప్రిన్సిపాల్ ఫోన్ చేశాడు. ఆయన ఫోను పది నిమిషాలకు తక్కువ ఉండదు. మాట్లాడుతూ వంటింట్లోకీ వాకిట్లోకీ నాలుగు సార్లు తిరిగాను. ఫోన్ పెట్టేసి వచ్చి మళ్ళీ ఒక వేలు నాకితే, రుచి అదిరిపోయింది! గుమ్మడికాయకు ఇంత సత్తా ఉందా అనిపించింది. కాసేపు ఊరనిస్తే రుచి వస్తుందని ఎక్కడో విన్నాను, అదే అనుకున్నాను. అత్త కూడా, "ఇప్పుడు బాగుండాది," అంది. వేడి రొట్టె మీద మందంగా పూసి, ఊరేగింపుగా మామ దగ్గరికి తీసుకెళ్ళాం.

మామ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలనుకుని నేను నా భార్య వైపు గర్వంగా చూశాను. ఆయన ముక్కను తీసి పళ్ళెంలో పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, ఊపిరి తీసుకున్నాడు.

"ఎవరప్పా చేసింది?"

"నేనే మామా."

"శానా బాగుండాది. నన్ను సంపాలంటే ఇదొక్కటి సాలు."

విచారణ మొదలైంది. మా వైపు పొయ్యి దగ్గర ఒక గిన్నె ఉందంటే, దాని పక్కనుంచి పోయే ప్రతి మనిషీ దాని మంచిచెడ్డలకు బాధ్యత వహించాలి. గరిటె పెట్టి తిప్పాలి, నాలుక్కి రాసుకోవాలి, లోటు కనబడితే సరిచెయ్యాలి. చెప్పి చెయ్యడం అలవాటు లేదు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుంది.

"నేనేమీ ఎయ్యలేదు," అంది అత్త. "చిటికెడు కారం. అదీ రంగు కోసరం."

"నేను పచ్చిమిరపకాయ ఒకటే ఏసినా బావా," అంది నా భార్య. "గింజలు తీసేసే ఏసినా."

అందరం ఆపా వైపు తిరిగాం. ఆమె కొంగు సర్దుకుంది. "మిరపకాయలు వద్దన్న్యాడు గదా డాక్టరు. నేను మిరియాలు ఏసినా. మిరియాలు వద్దన్న్యాడా? సెప్పు భయ్యా, వద్దన్న్యాడా?"

అనలేదు. అది నిజమే.

"నువ్వేం ఏసినావప్పా?" అని మామ నన్నడిగాడు.

ఫోన్ మాట్లాడుతూ తిరిగినప్పుడు, అరుగుదలకు మంచిదని నేను అరచెంచా శొంఠిపొడి వేశాను. ఈ సంగతి ఆ క్షణం వరకూ నాకే సరిగ్గా గుర్తులేదు.

బుధవారం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కట్టుదిట్టంగా. నా భార్య వంటింటి గడప మీద కూర్చుంది. మాకు మేమే ఒట్టు పెట్టుకున్నాం. ఆపా కిటికీ దగ్గర నుంచి మాత్రమే చూడాలని ఒప్పందం. మిక్సీ కంటే రోట్లో నూరితే ఇంకా మెత్తగా వస్తుందని అత్త అంటే సరేనన్నాను. వాకిట్లో రోలు శుభ్రంగా కడిగి, అరగంటసేపు ఆమే నూరింది. పని చేస్తున్నంతసేపూ ఇద్దరం ఒకరినొకరం దొంగల్ని చూసినట్టు చూసుకున్నాం. మామకు పెట్టాం.

"మంటాది," అన్నాడు.

"నాయినా, నీ మీద ఒట్టు, ఏమీ ఎయ్యలేదు!" అంది నా భార్య.

"మంటాది మ్మే."

"వంక!" అంది అత్త. గొంతు పెరిగింది. "రెండేండ్ల పిల్లోని మాదిరి వంకలు. తినకూడదని పట్టుపట్టినావు. ముక్కులో గొట్టమే కావల్ల నీకు."

మామ ఎప్పుడూ ఎదురు మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం పళ్ళెం మెల్లగా జరిపి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అట్లా పడుకోవడం మాలో ఎవరమూ చూడలేదు. నేను ఏదో హాస్యం ఆడబోయి, నోట్లోనే మింగేశాను. సాయంత్రం మందుల షాపు దగ్గర యాభై మూడు కిలోల రెండువందల గ్రాములు చూపించింది యంత్రం. సోమవారం డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంకా రెండువందల గ్రాములే మిగిలాయి, గొట్టానికీ మాకూ మధ్య.

గురువారం పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే మామ వాకిట్లో రోలు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. కడిగి ఆరబెట్టిన రోలు. ఆయన వేలు తడుపుకుని రోటి లోపలి వైపు గట్టిగా రుద్ది, నాలుక చివర పెట్టుకున్నాడు. ముఖం చిట్లించాడు.

"ఏం చేస్తున్నావు మామా?"

"ఇట్ల రాప్పా. రుద్ది సూడు."

రుద్ది చూశాను. నాకు రాయి రుచి తప్ప ఏమీ తెలియలేదు.

"నీకేం తెలుస్తాది? పొద్దున ఉల్లికారం తినొస్తివి," అన్నాడు. "నేను కారం ముట్టి పదకొండు దినాలైంది. నాకు తెలుస్తాండాది. ఈ రోలుకు ముప్పై ఏండ్లుగా కారం తాపుతాండాం. రాయి తాగేసుండాది."

కాలేజీకి సెలవు చెప్పాను. వంటింట్లోకి నడిచాడాయన, వెనకే నేను. కొయ్య గరిటె నాలుక్కి తగిలించి, "ఇది," అన్నాడు. మిక్సీ జార్ మూతలోని రబ్బరు, "ఇది." అన్నం కలిపే గిన్నె అంచు. ఉప్పుడబ్బా అయితే రెండోసారి చూడనక్కర్లేకపోయింది. కారం చెయ్యి అందులో ఎన్నిసార్లు ముంచి ఉంటామో. ఒక్కొక్కటీ చూస్తుంటే ఆయనలో హుషారు పెరిగింది, దొంగసొత్తు పట్టుకున్న పోలీసులాగా. చివరికి అత్త ముందు నిలబడి, "సెయ్యి ఇటియ్యి," అన్నాడు. ఆమె ఇచ్చింది. వేళ్ళు వాసన చూశాడు.

"ఇది గూడా," అన్నాడు మెల్లగా.

అత్త కాసేపు తన వేళ్ళ వైపు చూసుకుంది. ఆ చేత్తోనే పెరుగన్నం కలిపింది, ఆ చేత్తోనే రొట్టె తట్టింది, ఆ గిన్నెలోనే పాలు పోసి రొట్టె నానబెట్టింది. పుండైన నోటికి అదే నిప్పు.

"సెప్పొద్దా మనిషి?" అంది చివరికి.

"సెప్పినా గదా మే. దినామూ సెప్పినా."

పదకొండు రోజులు ఆయన సగం రొట్టెతో లేస్తుంటే మొండితనం అనుకున్నాం. మంట అంటే వంక అన్నాం. నేను స్టాఫ్ రూములో దాన్ని జోకుగా కూడా చెప్పాను. అందరూ బాగానే నవ్వారు.

ఇక ఇంట్లో కారం తగలని వస్తువు ఏదో వెతకాలి. కొత్త గిన్నెలు కొనుక్కొస్తానన్నాను. అత్త వినిపించుకోలేదు. దేవుడి గూటి పక్కన, గోడలో చెక్క తలుపు వేసిన చిన్న అర ఉంది. అందులో పాలకు సంబంధించినవి మాత్రమే ఉంటాయి. కళాయి వేసిన ఇత్తడి గిన్నె, కవ్వం, పాలు వడగట్టే గుడ్డ. అవి మిగతా అంట్లతో కలవవు. వేరే పీచుతో, వేరే నీళ్ళతో తోముతుంది. ఆ గిన్నె రాజంపేటలోని పుట్టింటి నుంచి పెళ్ళినాడు ఆమెతో వచ్చింది. అందులో ఉప్పుగల్లు పడితే ఇంట్లో పాడి పోతుందని ఆమె నమ్మకం. చిన్నప్పుడు నేను ఒకసారి ఉప్పు చేత్తో దాన్ని ముట్టుకుంటే వీపు వాచింది.

ఆ అర తెరిచి గిన్నె తీసి నా ముందు పెట్టింది.

"అత్తా, ఉప్పు వెయ్యాలి దీంట్లో," అన్నాను.

"ఎయ్యి."

"పాడి..."

"పోతే బర్రె పోతాది. ఏస్తావా, నన్నే ఎయ్యమంటావా?"

ఆమె చేతులు శనగపిండితో మూడుసార్లు రుద్దుకుంది. మామ ప్రతిసారీ వాసన చూసి, "ఇంగోతూరి," అంటూ పంపించాడు. ఆయనకు ఇంట్లో అంత అధికారం ఎప్పుడూ లేదు, కాబట్టి తొందరపడలేదు. వెన్నతో రుద్దుకున్నాక వదిలిపెట్టాడు. నేను కొట్టుకు పరుగెత్తి కొత్త ఉప్పు ప్యాకెట్టు తెచ్చాను. వేరుశనగ నూరడానికి దారి లేదు కాబట్టి మామ నాకి చూసి సరేనన్న చపాతీ పీట మీద పోసి కర్రతో దొర్లించాం. నలుగుతూ నలుగుతూ నూనె వదిలి, గింజ ముద్దయింది. ఆ పని మామే చేశాడు. కర్ర మీద ఒంటి బరువంతా మోపుతుంటే, ఆ ఒంట్లో ఉన్నది ఎంతో మాకు కనబడింది. అందుకే మధ్యలో నేను అందుకున్నాను.

ఈసారి రుచి చూసేది ఆయనొక్కడే. మా నాలుకలు పనికిరావని తేలిపోయింది కదా. పీట వేసుకుని కూర్చున్నాడు. నా భార్య ఉడికిన ముక్కలు ఒక్కొక్కటీ అందిస్తే, కళ్ళు మూసుకుని చూస్తున్నాడు.

"ఈ గెనుసుగడ్డ ఎర్రనేలది. నల్లరేగడిది అయ్యుంటే ఇంత తీపి రాదు." మరో ముక్క. "ఇది ముదిరింది, పీసు ఉండాది, తీసెయ్యి." గుమ్మడి నోట్లో పెట్టుకుని ఉన్నట్టుండి కళ్ళు తెరిచాడు. "మే, గుమ్మడికాయలో ఇంత కతుందా? అరవై రెండేండ్లు వచ్చినా నాకెవురూ సెప్పలేదే!"

"దాని మీద నువ్వు కారం పోస్తాంటివి గదా నాయినా, అది యాడ సెప్తాది?" అంది నా భార్య.

అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు. కిటికీలోంచి ఆపా కూడా నవ్వి, "లోపలికి రావచ్చునా ఇంగ?" అంది. రావద్దన్నాం.

గెనుసుగడ్డ, గుమ్మడి, బొప్పాయి కడిగిన వేళ్ళతో మెదిపింది అత్త. క్యారెట్టు ఒకటి చాలన్నాడు మామ, ఎక్కువైతే మందు వాసన వస్తుందట. అరటిపండు సగం. వేరుశనగ ముద్ద వేశాం, మీగడ వేశాం. అప్పుడు ఆమె కవ్వం దించింది. అరచేతుల మధ్య కవ్వం గిరగిరా తిరుగుతుంటే గిన్నెలో ముద్ద కాస్తా విచ్చుకుని, వెలిసి, ఉబ్బింది. మిక్సీలో రాని నురగ వచ్చింది. రోట్లో రాని నునుపు వచ్చింది. బెంగళూరు దిగదుడుపు! నేను ఆ మాట పైకే అన్నాను. "మెల్లగా," అని కసిరింది అత్త, "ఉమ్మి పడతాది."

ఇక ఉప్పు. మామ గోరు చూపించి, "ఇంత," అన్నాడు. నా చేతిలో ప్యాకెట్టు ఉంది కానీ నేను కదల్లేదు. అత్త తనే అందుకుని, చిటికెడు తీసి, ఒక్క క్షణం గిన్నె మీద చెయ్యి ఆపింది. మామ ఆమె ముఖంలోకి చూశాడు. "వద్దంటే వద్దులే మే," అన్నాడు. ఆమె వేసేసింది. కవ్వం నాలుగు తిప్పులు తిప్పింది. మామ చూసి, ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం వేసింది, ఈసారి ఆగకుండా.

రొట్టె కాల్చింది. ఒకటే కాల్చింది, అది కూడా సగం మిగులుతుందనే లెక్కలో. దాని మీద ఆ ముద్ద మందంగా పూసి పెట్టింది. మేము ముగ్గురం ఆయన చుట్టూ కూర్చున్నాం. అట్లా మింగేటట్టు చూస్తే ఎవరైనా ఎలా తింటారు అన్న ఆలోచన మాకు రాలేదు. మొదటి ముక్క తుంచాడు. నమిలాడు. మంట అనలేదు. బాగుందనీ అనలేదు. రెండో ముక్క తుంచాడు. మూడోది కొంచెం పెద్దది. సగం రొట్టె అయిపోయింది. అక్కడే కదా రోజూ ఆగేది. ఆయన మిగిలిన సగాన్ని చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పలేదు, మడిచి, గిన్నె అడుగు నుంచి ఒక వేలెడు తీసి లోపల పెట్టుకుని తినేశాడు. వేళ్ళు నాకాడు. మా భయం ఆయనకు తెలుసు కాబట్టి కాసేపు మమ్మల్ని ఏడిపించాడనే నా నమ్మకం.

సోమవారం డాక్టరు దగ్గర తూకం యాభై మూడు కిలోల ఆరువందలు. చేర్చుకోవాల్సిన పని లేదన్నారు. కానీ ఆ అంకె చూసినప్పుడు మాలో ఎవరికీ గుండె దడదడలాడలేదు. ఆ పని గురువారం మధ్యాహ్నమే అయిపోయింది, ఖాళీ పళ్ళెం పట్టుకుని మామ అటూ ఇటూ చూసినప్పుడు.

"ఏమ్మే," అన్నాడు, "ఇంగో రొట్టె లేదా?"

లేదు. పిండి తడపలేదు, పొయ్యి కట్టేసింది, పెనం కూడా దించేసింది. అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, చెమటకే అన్నట్టు, లేచింది. "ఉండు. నీళ్ళు కాగల్ల గదా," అని కసురుకుంటూ పొయ్యి ముట్టించింది. మరుగు నీళ్ళు పిండిలో పోసుకుని, కాలుతున్నా ఆగకుండా పిసుకుతోంది. "పదకొండు దినాలు లేని ఆకలి ఇప్పుడే రావల్లనా? ముందే సెప్పుంటే రెండు కాల్చుంటా గదా?"

"మూడు కాల్సు," అన్నాడు మామ.

పీట మీద ఆమె రొట్టె తట్టే చప్పుడు మొదలైంది, ఎన్నడూ లేనంత తొందరగా.